రెప్ప పడని కన్ను

ఆ రోజు పొద్దున పళ్ళు తోముకుని పుక్కిలించబోతే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమ పక్క పెదవి చివర నుంచి సన్నగా కారి చీర మీద పడ్డాయి. తుడుచుకుని మళ్ళీ పోసుకున్నాను. మళ్ళీ అంతే. నిద్రమత్తు వదల్లేదేమో అనుకున్నాను. ముందు రోజు సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని వచ్చాను. రాత్రి ఎడమ చెవి వెనక ఎముక దగ్గర సలుపుగా ఉంటే చలిగాలి తగిలిందనుకుని, కొబ్బరినూనె వెచ్చచేసి రాసుకుని పడుకున్నాను. అంతకుమించి జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు.

చాయ్ గ్లాసు అందించబోయిన మా అవ్వ నా ముఖం చూసి ఆగిపోయింది. అవ్వ అంటే మా అమ్మ. మా వైపు అమ్మను అలా పిలుస్తాం.

"ఏందే, మూతి గట్ల పెట్టినవ్?" అంది.

"ఎట్ల పెట్టిన?" అన్నాను. నా మాట నాకే కొత్తగా వినిపించింది. 'ప' అన్న అక్షరం పెదవుల మధ్య ఆగకుండా గాలిలా జారిపోయింది.

గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి నవ్వి చూశాను. కుడి సగం నవ్వింది. ఎడమ సగం తనకేం పట్టనట్టు ఊరుకుంది. కళ్ళు మూసి తెరిచాను. కుడి కన్ను మూతపడింది. ఎడమది మూతపడిందో లేదో, మూసుకున్న కళ్ళతో అద్దంలో చూసుకునే వీలు ఎవరికీ ఉండదు కదా. పడిందనే అనుకున్నాను.

మాది కొత్తగూడ. అప్పుడు డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్ళు. ఊరి చుట్టూ జొన్నచేలు, బండరాళ్ళు, అక్కడక్కడ ద్రాక్షతోటలు. కరెంటు వచ్చి ఎంతోకాలం కాలేదు. నేను మెట్రిక్ దాకా చదివి, సనత్‌నగర్ వైపు రేడియో భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. వెంట్రుక లాంటి రాగితీగను భూతద్దం కింద పెట్టి చుట్టే పని. ఆ పనికి చేతుల కంటే కళ్ళు ముఖ్యం. మా ఆయన అదే ఫ్యాక్టరీలో స్టోర్స్‌లో ఉండేవారు. ఆయనది గోదావరి వైపు. ఫ్యాక్టరీలోనే పరిచయమై పెళ్ళి చేసుకున్నాం. నాన్న అప్పటికే పోయారు, అవ్వ ఒక్కతే ఉండేది. అందుకని మేమిద్దరం అవ్వ దగ్గరే ఉండిపోయాం. రోజూ ఆయన సైకిలు మీద హఫీజ్‌పేట స్టేషను దాకా, అక్కణ్ణుంచి రైల్లో సనత్‌నగర్. అవ్వతో మా ఊరి మాట, ఆయనతో 'ఏమండీ' అంటూ ఆయన మాట. అల్లుడూ అత్తా మాత్రం ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆమె మాట ఆయనకు, ఆయన మర్యాద ఆమెకు అలవాటు కాలేదు.

ఆయనకు చేపలంటే ప్రాణం. ఇనుప చట్రానికి పుట్టీతో అద్దాలు అతికించి తొట్టి తానే తయారుచేసుకున్నారు. అందులో నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కొన్న బంగారు చేపలు, మాలీలనే చిన్న నల్ల చేపలు. గాలి బుడగలకు కరెంటు పంపు. ఇంట్లో ప్లగ్గు ఉన్నది మా మంచం పక్కనే కాబట్టి తొట్టి కూడా అక్కడే.

పెళ్ళైన కొత్తలో ఒక రాత్రి మంచినీళ్ళకు లేచి లైటు వేశాను. చేపలన్నీ అడుగుకు దిగి, రంగు వెలిసినట్టు పాలిపోయి, కదలకుండా ఉన్నాయి. చచ్చిపోయాయని కేక పెట్టాను. అంతే, అవన్నీ ఒక్కసారిగా చెదిరి అద్దాలకు టపటపా కొట్టుకున్నాయి. ఆయన లేచి ముందు లైటు ఆర్పారు.

"నిద్రపోతున్నాయి విమలా. రాత్రి వాటి రంగు తగ్గుతుంది. నిద్రలో ఉండగా లైటు వేస్తే మనలాగే హడలిపోతాయి."

"కళ్ళు తెరిచే ఉన్నాయి కదండీ?"

"వాటికి రెప్పలుండవు. మూసుకోవడానికేం లేదు."

అప్పుడది వినడానికి బాగుంది. మర్చిపోయాను.

ముఖం వాలిన రోజే ఆయన నన్ను నగరంలోని పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. దారంతా ఆయన పక్షవాతం అన్న మాట నోట రానివ్వలేదు. నేనూ రానివ్వలేదు. ఇద్దరం అదే అనుకుంటున్నామని ఇద్దరికీ తెలుసు. డాక్టరు పెద్దాయన. నుదురు ముడవమన్నారు, కళ్ళు గట్టిగా మూయమన్నారు, పళ్ళు చూపించమన్నారు, ఈల వేయమన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఈల వేసింది లేదు. వేయబోతే ఉమ్మి కారింది. సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకున్నాను. తర్వాత చేతులు, కాళ్ళు పరీక్షించారు. బి.పి. చూశారు.

"ఇది స్ట్రోక్ కాదమ్మా. బ్రెయిన్‌కు సంబంధం లేదు. ఫేషియల్ నర్వ్, అంటే ముఖం నరం, వాచింది. బెల్స్ పాల్సీ అంటాం. స్ట్రోక్ అయితే మామూలుగా నుదురు కదులుతుంది. నీకు నుదురు కూడా కదలట్లేదు. అది మంచిదే," అన్నారు.

నుదురు కదలకపోవడం మంచిదని విన్నది జీవితంలో అదొక్కసారే.

"తగ్గుతుందా సార్?" అని మా ఆయన అడిగారు.

"చాలామందికి తగ్గుతుంది. కొందరికి త్వరగా, కొందరికి నెలలు. నర్వ్ ఎప్పుడు లేస్తుందో మనకు ముందు చెప్పదు. స్టెరాయిడ్ రాస్తున్నా, మధ్యలో ఆపొద్దు. కన్ను జాగ్రత్త. రాత్రి ఆయింట్‌మెంట్ వేసి ప్యాడ్ కట్టుకో."

ఆ చివరి మాట అనేసరికే తర్వాతి పేషెంటు స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అసలు సంగతి మొదలైంది. అన్నం తింటే ఎడమ బుగ్గలో మెతుకులు ఇరుక్కుపోయేవి. వేలు పెట్టి తీసుకోవాలి. నీళ్ళు తాగాలంటే పెదవి చివర చేత్తో నొక్కిపట్టాలి. నాలుక ఎడమ సగానికి రుచి పోయింది. ప, బ, మ పలకవు. నా పేరు విమల. దవాఖానలో ఎవరైనా పేరడిగితే ఆయన వంక చూసేదాన్ని. ఊళ్ళో ఆడవాళ్ళు పరామర్శకు వచ్చి, కూర్చున్నంతసేపూ నా ముఖం తప్ప మిగతా ఇల్లంతా చూసి వెళ్ళేవారు.

వీటన్నిటికంటే చెవి బాధ ఎక్కువ. ఎడమ చెవికి చిన్న చప్పుడు కూడా పెద్దదై వినిపించేది. గిన్నె కింద పెడితే తల మీద కొట్టినట్టుండేది. ఆ నర్వ్ చెవికి కూడా పోతుందట, అందుకే అలా అవుతుందని తర్వాత తెలిసింది. తొట్టి పంపు గుయ్‌మనే చప్పుడు అంతకుముందు అసలు వినిపించేది కాదు. ఇప్పుడు పిండిమర పక్కన పడుకున్నట్టుంది. ఒక రాత్రి తట్టుకోలేక ఏడ్చాను. ఆయన లేచి పంపు తీగ ఊడదీశారు.

"చేపలకు?" అన్నాను.

"చూద్దాం. ఏం కాదు," అన్నారు. ఏమీ కాదని ఆయనకు నమ్మకం లేదని గొంతులోనే తెలిసింది.

పగలు పంపు పెట్టడం, రాత్రి ఆపడం. అలా కొన్ని రాత్రులు గడిచాయి. పగలు తొట్టిలో మొక్కలు గాలినిస్తాయి. రాత్రి వెలుతురు లేనప్పుడు అవి కూడా చేపలతో పాటు గాలి తీసుకుంటాయి. పంపు లేకపోతే తెల్లవారేసరికి గాలి చాలదు. అడుగున పడుకోవలసిన చేపలన్నీ నీళ్ళ పైకి వచ్చి, మూతులు బయటపెట్టి తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అవ్వకు ఇదంతా తెలియదు. ఒక తెల్లవారుజామున నాకు మందు ఇవ్వడానికి లేచి, కిటికీ వెలుతురులో ఆ వరసను చూసింది. ఆ పొద్దునే పెద్ద బంగారు చేప ఒకటి పక్కకు వాలి తేలింది.

ఆయన పనికి వెళ్ళాక అవ్వ ఇత్తడి బిందె తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. గిన్నెతో చేపలను పట్టి బిందెలో వేస్తోంది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"కుంటల ఇడిసి వస్త."

"ఎందుకే?"

"ఎందుకంటవా? కన్ను మూయని జీవాలను మంచం పక్కకు పెట్టుకుంటే ఇంకేమైతది? రాత్రంత మూతులు తెరుసుకొని నీ దిక్కే చూస్తున్నయి. వాటి మూతులు చూడు, నీ మూతి చూడు. ఇగ ఒకటి చచ్చింది. తర్వాత ఎవరి వంతు?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు. భయం కూడా వేయలేదు. మంచం మీద అటు తిరిగి పడుకుంటే బాగుండునని మాత్రం అనిపించింది. స్టెరాయిడ్ వల్లో, నిద్ర లేకో, దేనికీ ఓపిక ఉండేది కాదు. "ఆయన వచ్చేదాక ఆగు," అన్నాను. ఆ మూడు మాటలు స్పష్టంగా పలకడానికి పెదవి చేత్తో పట్టుకోవలసి వచ్చింది. అవ్వ నా చెయ్యి చూసి గిన్నె కింద పెట్టింది.

సాయంత్రం ఆయన వచ్చి బిందెలోకి తొంగిచూశారు. సైకిలు గుమ్మంలోనే ఉంది. అవ్వ తలుపు పట్టుకుని నిలబడింది, ఆయన ఏమంటారా అని.

"గాలి చాలక పైకి వచ్చాయండి అత్తయ్యగారూ. పంపు ఆపింది నేను. వాటి తప్పేం లేదు."

"అయితే పంపు పెట్టు. నా బిడ్డ చెవు పగలనియ్యి."

ఆయన పంపు తీసుకుని, కిటికీ బయట గోడ వారన గోనెసంచి మడతపెట్టి దాని మీద పెట్టారు. తీగకు ఇంకో తీగ అతికించి, రబ్బరు గొట్టం కిటికీ సందులోంచి లోపలికి తెచ్చారు. చప్పుడు ఇంట్లోకి రాలేదు. బిందెలోని చేపలను ఒక్కొక్కదాన్నే తొట్టిలోకి మార్చారు.

"ఈ ఒక్క రాత్రి నాతో కూర్చుని చూడండి. రేపు కూడా మీకు అలాగే అనిపిస్తే కుంటకు నేనే తీసుకెళ్తాను," అన్నారు.

అవ్వ ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి జరిగింది నేను చూడలేదు, నిద్రలో ఉన్నాను. అవ్వ చెప్పింది, ఆయనా చెప్పారు. ఆయన దగ్గర ఒక టార్చిలైటు ఉండేది. దాని ముఖానికి ఎర్ర జాకెట్టు గుడ్డ ముక్క రెండు మడతలు వేసి కట్టేవారు. ఎర్రటి మసక వెలుతురు చేపలకు అంతగా తెలియదట. నిద్ర చెడకుండా వాటిని చూడటానికి ఆయన కనిపెట్టుకున్న పద్ధతి అది. దీపాలార్పి, చాలాసేపు ఆగి, ఇద్దరూ తొట్టి ముందు కింద కూర్చున్నారు. బంగారు చేపలు అడుగుకు దిగాయి. రెక్కలు ఆడీ ఆడనట్టు, ఉన్నచోటే నిలబడ్డాయి. నల్లవి మొక్కల సందులో ఒదిగాయి. మొప్పలు మాత్రం మెల్లగా, ఒకే లయలో కదులుతున్నాయి.

"మూతులు తెరుస్తలేవు," అందట అవ్వ.

"గాలి అందుతోంది కదండి. మనలాగే నిద్రపోతున్నాయి. రెప్పలు లేవు, అంతే."

అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత, "రెప్పలు లేనివి నిద్రపోతున్నయి సరే. నా బిడ్డకు రెప్ప ఉన్నది కద?" అంటూ టార్చి ఆయన చేతిలోంచి తీసుకుని నా వైపు తిప్పింది.

ఎడమ కంటి మీద ప్యాడ్ కట్టుకుని పడుకున్నాను. నిద్రలో దొర్లితే అది చెంప మీదికి జారింది. దాని కింద నా కన్ను తెరిచే ఉంది. గుడ్డు పైకి తిరిగి, తెల్లభాగం మాత్రమే కనిపిస్తోంది.

అవ్వ చెయ్యి ముఖానికి తగిలి మెలకువ వచ్చింది.

"జర కన్ను మూయి బిడ్డా."

"మూసుకునే ఉన్న," అన్నాను. గుడ్డు పైకి తిరిగిపోవడం వల్ల నాకు నిజంగా అలాగే అనిపిస్తోంది.

"లేదే, తెరిచే ఉన్నది," అంది అవ్వ. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, చీకట్లో ముఖం కనిపించలేదు. "ఇన్ని రోజులూ తెరిచే ఉందన్నమాట," అని మాత్రం అన్నారు.

అప్పటికే కొన్ని రోజులుగా ఆ కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతోంది. ఆయింట్‌మెంట్ వల్ల అనుకున్నాను. ఎర్రబడితే నిద్ర లేక అనుకున్నాను. ఏ బాధకైనా చెప్పుకోవడానికి ఒక కారణం దొరికేది. తెల్లవారి చూసుకుంటే వెలుతురు వైపు కన్ను పెట్టలేకపోయాను.

ఈసారి కంటి దవాఖానకు వెళ్ళాం. అవ్వ కూడా వస్తానంది. అక్కడి లేడీ డాక్టరు కంట్లో పసుపుపచ్చ చుక్క వేసి, నీలి లైటుతో చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"కార్నియల్ అల్సర్. నల్లగుడ్డు మీద పుండు పడ్డది. ప్యాడ్ ఎట్ల కట్టుకుంటున్నవ్?"

చెప్పాను.

"ముందు రెప్ప వేలుతో మూసి, టేపు వేసి, ఆ పైన ప్యాడ్ కట్టాలె. తెరిచిన కన్ను మీద కడితే ఆ గుడ్డనే కన్నును గీరుతది. ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు వినిపించలేదేమో కూడా. ఆ రోజు స్ట్రోక్ కాదన్న మాట తప్ప ఇంకేదీ మా ఇద్దరి బుర్రకూ ఎక్కే స్థితిలో లేదు.

అవ్వ ముందుకు వచ్చింది. "అమ్మా, ఒక్క మాట. మా ఇంట్ల చేపలున్నయి. వాటికి రెప్పలు లేకపాయె, ఎప్పుడూ కండ్లు తెరిచే ఉంటయి. వాటికి ఏం కాదు. నా బిడ్డకెందుకైంది?"

నాకు సిగ్గేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"చేప నీళ్ళల్ల ఉంటది పెద్దమ్మా. దాని కన్ను ఎండదు. మనం గాలిలో ఉంటం. మన కన్నుకు తడి పూసేది రెప్పనే. రెప్ప పడకపోతే కన్ను ఎండి పుండు పడతది. ఇది ఎవరి దిష్టి కాదు, ఎవరి పాపం కాదు."

అవ్వ తల ఊపింది. ఆ తర్వాత ఆమె ఇంట్లో చేపల పేరుతో ఎన్నడూ గొడవపడలేదు.

వార్డులో చేర్చుకున్నారు. ఆగకుండా యాంటీబయాటిక్ చుక్కలు, కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు. అల్సర్ లోతుగా పోతోందని, రెప్పలు పక్క నుంచి కొంత కలిపి కుడతామని చెప్పారు. టార్సోరఫీ అంటారట.

"చూపుంటుందా అమ్మా? నాది భూతద్దం కింద పని," అన్నాను.

"మధ్యల కొంచెం సందు ఉంచుతం. ముందు కన్ను దక్కనియ్యి. చూపు సంగతి తర్వాత మాట్లాడుదం."

కుట్టారు. మత్తు సూది నొప్పి కంటే, కుట్టేటప్పుడు దారం లాగిన చప్పుడు ఆ చెవికి వినిపించడం నాకు ఎక్కువగా గుర్తుంది.

ఇంటికొచ్చాక రోజులన్నీ ఒకేలా ఉండేవి. రైల్లో ఫిజియోథెరపీకి వెళ్ళడం, బుగ్గ మీద కరెంటు పెట్టించుకోవడం, తిరిగి రావడం, అద్దం ముందు కూర్చుని నుదురు ముడవబోవడం, ముడవలేకపోవడం. రైల్లో కొంగు ఎడమ వైపు కప్పుకుని కూర్చునేదాన్ని. "ఏమన్నా కదిలిందా?" అని ఎవరైనా అడిగితే ముఖం మీద కొట్టినట్టుండేది. అడగకపోతే ఆశ వదిలేసుకున్నారేమో అనిపించేది.

మధ్యలో ఒకసారి టేపు వదులై కన్ను మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ దవాఖాన, మళ్ళీ వార్డు, మళ్ళీ అదే మంచాల వరస. ఆ రోజు డాక్టరమ్మతో, "ఈ కన్ను తీసేయండి. నాకింక ఓపిక లేదు," అన్నాను. కోపంతో అన్న మాట కాదు. అంతగా అలిసిపోయాను.

ఆమె చుక్కలు వేస్తూనే, "తీయడం సులువే. తీసింది మళ్ళ పెట్టడం నాకు రాదు. పైకి చూడు," అంది.

పైకి చూశాను.

ఆ నెలల్లో నన్ను కాచింది అవ్వ. రోజూ రాత్రి ఒకసారి లేచి ఎర్రగుడ్డ టార్చి పట్టుకుని వచ్చేది. ముందు తొట్టి చూసేది, తర్వాత నన్ను. టేపు ఊడితే నాకు తెలియకుండానే సరిచేసి పోయేది. పొద్దున చాయ్ దగ్గర అల్లుడికి సమాచారం చెప్పేది.

"నల్లవి రెండూ ఆకు సందుల పండుకున్నయి. ఎర్రది జర తల కిందికి వంచింది, గదేంది?"

"నిద్ర గాఢంగా పట్టిందండి. ఏం ఫరవాలేదు."

"చిన్నది మాత్రం తిరుగుతనే ఉన్నది. దానికి నిద్ర రాదా?"

"కొత్తది కదండి. అలవాటు పడలేదు ఇంకా."

"నీ లెక్కనే," అంది అవ్వ ఒకరోజు. ఆయన నవ్వారు. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను చూడలేదు. మంచం మీద పడుకుని వింటున్నాను. నవ్వబోతే కుడి పక్క మాత్రమే లేచింది. ఆపేశాను.

ఎండలు మొదలయ్యాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. తొట్టిలో బుడగలు ఆగిపోయాయి. ఆయన వాకిట్లో సైకిలుకు నూనె వేస్తున్నారు.

"పంపు ఆగిందండీ," అని పిలిచాను.

ఆయన వెంటనే లోపలికి వచ్చారు. తొట్టి వైపు వెళ్ళకుండా నా ముందు నిలబడ్డారు.

"ఏమన్నావు?"

"పంపు ఆగింది..."

"మళ్ళీ అను."

"పంపు," అన్నాను. పెదవులు రెండూ కలిశాయి. గాలి పోలేదు. అప్పుడు అర్థమైంది. అవ్వ వంటింట్లోంచి వచ్చి, "ఏమైంది, ఏమైంది?" అంటే, ఆయన నా మూతి వైపు చూపించారు. నేనే మళ్ళీ అన్నాను, "పంపు, పప్పు, పాపం, బొమ్మ," అని నోటికొచ్చినవన్నీ. అవ్వ అక్కడే కూర్చుండిపోయింది. కరెంటు చాలాసేపు రాలేదు. ఆయన విసనకర్రతో నీళ్ళు కదిలిస్తూ కూర్చుంటే, నేను పక్కన కూర్చుని అద్దం లేకుండా వేలితో నా పెదవి చివర తడిమి చూసుకున్నాను. కొద్దిగా, చాలా కొద్దిగా, కదులుతోంది.

అక్కడి నుంచి కూడా త్వరగా ఏమీ కాలేదు. ముందు పెదవి, తర్వాత బుగ్గ, చివరికి రెప్ప. రెప్ప బరువు తెలియడం మొదలయ్యాక డాక్టరమ్మ కుట్ల చోట కొంత విప్పింది. నుదురు మాత్రం పూర్తిగా రాలేదు. కార్నియా మీద తెల్లమచ్చ మిగిలింది. ఒపాసిటీ అంటారు. ఎడమ కంటితో చూస్తే లోకం పొగలో ఉన్నట్టుంటుంది.

పనిలో మళ్ళీ చేరినప్పుడు భూతద్దం ముందు కూర్చోబెట్టి చూశారు. తీగ రెండుగా కనిపించింది. మా సూపర్‌వైజరు, "ఫికర్ చేయకు, టెస్టింగ్‌లో వేస్తా," అని అన్నాడు. అక్కడ చెవితో పని. తీగ చుట్టిన కాయిల్‌ను మీటరుకు పెట్టి, బజరు మోగుతుందో లేదో వినాలి. చెవి అప్పటికి మామూలైంది. తీగ చుట్టే వైండింగ్ బల్ల దాటి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ అటు చూడను. ఆ పని నాకు బాగా వచ్చు.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నన్ను కొత్తగా చూసినవాళ్ళకు ఏమీ తెలియదు. అలిసిపోయిన రోజు ఎడమ సగం కొంచెం కిందికి జారుతుంది. నరం తిరిగి పెరిగేటప్పుడు దారులు తప్పుతుందట, అన్నం నములుతుంటే ఆ కన్ను తనంతట తానే సగం మూసుకుంటుంది, నీళ్ళు కారుస్తుంది. పెళ్ళి భోజనాల్లో పక్కనున్నవాళ్ళు కారం ఎక్కువైందా అని అడుగుతారు. అవునంటాను. చలికాలం రైల్లో చెవులకు గుడ్డ కట్టుకుంటాను. డాక్టర్లు దానికీ దీనికీ సంబంధం లేదంటారు, అయినా కట్టుకుంటాను. పడుకునే ముందు ఆయింట్‌మెంట్ ఇప్పటికీ మానలేదు.

ఈ జబ్బు వచ్చినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట చెబుతాను. మందులు, కరెంటు, అద్దం ముందు కసరత్తు, ఇవన్నీ మీ డాక్టరు చెబుతారు. కన్ను మూతపడిందో లేదో మాత్రం మీ అంతట మీరు తెలుసుకోలేరు. మూసుకున్నట్టే ఉంటుంది. అద్దం చెప్పదు, నొప్పి ఆలస్యంగా చెబుతుంది. అందుకని ముఖం వాలిన మొదటి రోజునే ఇంట్లో ఒకరిని అడగండి, మీరు నిద్రపోయాక వచ్చి ఒకసారి మీ ముఖం చూడమని. అడగడానికి మొహమాటపడకండి.